స్టాపులో సువార్తమ్మ

రాజోలు వెళ్లే సర్కారు బస్సు ఆగిపోయినా సువార్తమ్మ పొద్దున్నే స్టాపుకి వెళ్లడం మానలేదు. షెడ్డులో ఎవరో పోసిన కొబ్బరి పీచు డొక్కల్ని కాలితో పక్కకి నెట్టి, కొంగుతో బెంచీ తుడిచి కూర్చుంటుంది. దూరాన పెద్ద బండి మోత వినబడితే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది. తీరా వచ్చేది కాన్వెంటు బస్సో, చేపల లారీయో అవుతుంది. సాయంత్రాలు ఆటోలు దొరక్క మనవరాలు షైనీ కాలేజీ మానేసిన దగ్గర్నుంచి ఆమెకి ఇదే పని.

స్టాపులో జనం ఉంటే బస్సు మళ్లీ వేస్తామనీ, చూడటానికి సోమవారం ఆఫీసరు వస్తాడనీ డిపోలో చెప్పారు. ఆదివారం చర్చి దగ్గర ఆమె అందరినీ బతిమాలింది. "ఆయ్, వస్తామండి పిన్నిగారూ" అన్నారు. వచ్చారు కూడా. కానీ ఆఫీసరు కంటే ముందు ఆటో వచ్చింది. "డ్యూటీకి లేటైపోద్దండి, ఏమీ అనుకోకండేం" అంటూ ఒక్కొక్కరే ఎక్కేశారు. ఆఖరివాడు డ్రైవరు పక్కన సగం గాల్లో వేలాడుతూనే ఆమెకి దణ్ణం పెట్టాడు.

ఆఫీసరు జీపు దిగలేదు. "మీరొక్కరేనాండీ?"

"ఇప్పటిదాకా అందరూ ఇక్కడే ఉన్నారండి."

"ఒక్కరికి బస్సెలా వెయ్యమంటారమ్మా?"

ఇంటికొచ్చేసరికి షైనీ గుమ్మంలోనే నిలబడి ఉంది. "మామ్మా, ఆఫీసరుగారు వచ్చేరా?"

"వచ్చేరమ్మా" అంది సువార్తమ్మ.

ఆ ఒక్క మాటకే బస్సు వచ్చేసినట్టు షైనీ అటక మీంచి పుస్తకాల సంచి దించి, దుమ్ము దులపసాగింది.