సగం తెగిన ఉల్లిపాయ

పక్కగదిలో మా అమ్మాయి గిటార్ మీటుతూ తను కట్టుకున్న పాటేదో పాడుతోంది. పులుసులోకి ఉల్లిపాయలు తరుగుతున్న నేను కాసేపటికి చూసుకుందును కదా, కత్తి ఉల్లిపాయలో సగం దిగి ఆగిపోయి ఉంది. ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. సిడ్నీ వదిలి వచ్చాక క్లైడ్ నార్త్‌లోని ఈ కొత్త ఇంట్లో నా చెయ్యి అలా ఆగడం ఇదే మొదటిసారి. ఆగిన చేతిని చూడగానే రాజీ ఆంటీ గుర్తొచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది. ఆవిడ గుర్తొచ్చాక అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

రాజీ ఆంటీ ఫిజీలో పుట్టిన తెలుగు మనిషి. చెరకుతోటల్లో పనికి ఎప్పుడో వలస వెళ్ళిన కుటుంబం. ఆవిడ తెలుగంతా నాయనమ్మ నేర్పిన పాత తెలుగు. చిన్నప్పుడే సిడ్నీ వచ్చి, పక్కింటివాళ్ళ రికార్డుల్లో సోల్ సంగీతం విని దానికే అంకితమైపోయింది. సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం. గొంతులో ఏమీ దాచుకోకుండా పాడాలి. ముప్పయ్యేళ్ళు క్లబ్బుల్లో పాడింది, తన పాటలు తనే రాసుకుంది. చదువుకోవడానికి వచ్చిన నేను సిడ్నీ శివార్లలోని పెండిల్ హిల్‌లో ఆవిడ ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను.

మొదట్లో ఆవిడంటే నాకు గిట్టేది కాదు. సాయంత్రం నేను కూరలు తరుగుతుంటే నావైపు వీపు పెట్టి, సింకు దగ్గర నిలబడి పాడేది. కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న కిటికీ అద్దంలో నా చేతులమీదే ఉండేవి. చెంచాలేమైనా ఎత్తుకుపోతాననుకుంటోంది కాబోలని ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నామీద మీకేమైనా డౌటా ఆంటీ? ఎందుకలా వాచ్ చేస్తారు?"

"నీమీద కాదు పిల్లా, నా పాటమీద," అంది. "నోరు అబద్ధం చెప్తాది. పొలైట్‌గా లవ్లీ అంటాది. చెయ్యి అట్లా కాదు. పాట తగిలితే పని ఆగిపోతాది. నీ కత్తి ఆగలేదా, ఆ పాట బిన్‌లోకే."

నిజంగానే పారేసేది. నెలల తరబడి రాసిన పాటనైనా సరే, నా కత్తి టకటకమంటూనే ఉంటే కాగితం చింపేసేది. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక నిర్మాత ఆవిడ పాటల్ని అద్భుతమని పొగిడి, ఆల్బమ్ మొత్తం రికార్డు చేయించి, చివరికి దాన్ని బయటికే రానివ్వలేదట. హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళినప్పుడు ఎవరైనా "మొన్న మీ షో సూపర్ ఆంటీ" అంటే నవ్వుతూ దండం పెట్టేది. కారెక్కాక "ఆ అబ్బాయి షోకే రాలేదు" అనేది. ఏడాది తిరిగేసరికి నేను ఆవిడ వెనక కోరస్ పాడుతున్నాను. ఎవరి మెచ్చుకోలునూ నమ్మడం మానేశాను కూడా.

తర్వాత ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. కోలుకున్నాక, తను మొట్టమొదట పాడిన క్లబ్బులోనే ఒక ఆదివారం మధ్యాహ్నం షో ఒప్పుకుంది. ఆ షో నిలబడితే ఇకముందూ పాడతాను, లేకపోతే ఇంతటితో సరి అంది. కొత్త పాటతో మొదలుపెట్టాలని ఆశ. నా కత్తి ఆగకపోతే పాత పాటతోనే మొదలుపెడుతుంది, అది నాకు తెలుసు. వంటింట్లో పాడింది. మాటలు బాగున్నాయి గాని, గొంతు పైకి వెళ్ళాల్సినచోట వెళ్ళలేక పక్కకు తప్పుకుంటోంది. నా కత్తి ఆడుతూనే ఉంది. కిటికీ అద్దంలో ఆవిడ కళ్ళు చూశాను. ప్రాణం ఉసూరుమంది. కత్తి పక్కన పెట్టి తల వంచుకుని నిలబడ్డాను.

ఆదివారం ఆ కొత్త పాట సగంలో ఉండగానే జనం కబుర్లలో పడ్డారు. కొందరు గ్లాసులు నింపుకోవడానికి లేచారు. ఆవిడ చివరిదాకా పాడింది. ఇంటికొస్తూ కారులో అడిగింది.

"సుధా, ఆ రోజు నీ చెయ్యి దానంతటదే ఆగిందా?"

"ఆగింది ఆంటీ."

"సరే," అంది. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. నాతో ప్రేమగానే ఉండేది, నా పెళ్ళిలో అమ్మ పక్కన పెద్దరికంగా నిలబడింది కూడా. కానీ నేను ఇంట్లో ఉండగా ఒక్క కూనిరాగమైనా తీయలేదు. నేను యూనివర్సిటీకి బయల్దేరి గేటు దాటాక పాడుకునేదని పక్కింటావిడ చెప్పేది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆవిడ ఆఖరి రోజుల్లో చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఇక దాచలేక, ఆ రోజు అబద్ధమాడానని చెప్పేశాను.

"తెలుసులే," అంది. "కత్తి పక్కన పెట్టావు కదా. నిజంగా ఆగిన చేతికి అంత గుర్తుండదు పిల్లా. కత్తి ఉల్లిపాయలోనే ఉండిపోతాది."

"తెలిసీ ఎందుకు పాడారు?"

"అందర్నీ డౌట్ చేసి చేసి టైర్డ్ అయిపోయాను. ఒక్కసారి ఎవర్నైనా నమ్మాలనిపించింది. నిన్ను నమ్మాను."

ఆ మాట ఇప్పటికీ మోస్తూనే ఉన్నాను. ఎవరైనా బాగుందంటే వాళ్ళ మొహం చూడను, చేతులు చూస్తాను. నా చేతుల్ని అసలే నమ్మను. ఇప్పుడు పాడింది కన్నకూతురు కదా, మమకారమే చేతిని ఆపేసిందేమోనని మనసు పీకుతూనే ఉంది. అయినా కత్తిని కదపకుండా అలాగే నిలబడ్డాను. పాట అయిపోయి అమ్మాయి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, వర్ యూ లిజనింగ్? ఈజ్ ఇట్ ఎనీ గుడ్?"

"నా మాట నమ్మకు," అన్నాను. "ఇలా రా. కత్తి ఎక్కడుందో చూడు."