సిద్ధంగా లేదన్న మాట

మా అమ్మాయి ఏడో తరగతిలో బడి మానేసింది. మానేసింది అనడం కన్నా, మేము మళ్లీ పంపలేదు అనడం నిజం. కరోనాకు బడులు మూసినప్పుడు ఇంట్లో నా దగ్గరే చదువుకుంది. తెరిచాక వెళ్లనంది. నేను అంతకుముందు పదకొండేళ్లు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పాను. పిల్లలకు అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో నాకు తెలుసు. అందుకే ఉద్యోగం వదిలి, ఇంట్లోనే చదివిస్తానన్నాను. మా ఆయనకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. "నీ ఇష్టం, నువ్వే సూస్కో" అన్నాడు. ఆ మాట అంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

పాలన గురించి చదవాలన్న పిచ్చి దానికి రుద్రూర్ దగ్గర మా పుట్టింట, బాపు పొలంలో పట్టుకుంది. ఒకప్పుడు మాదంతా చెరకే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బాపు చాలా మటుకు వరికి మారాడు. పన్నెండేళ్లప్పుడు గట్టు మీద కూర్చుని అడిగింది.

"ఫ్యాక్టరీ బంద్ చెయ్యమని ఎవ్వరన్నరు తాతా?"

"సర్కారు అన్నది."

"సర్కారంటే ఎవరు?"

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని, "మీ అమ్మనడుగు, అది చదువుకున్నది" అన్నాడు.

ఆ ప్రశ్నతో మొదలైన చదువు నాలుగేళ్లు సాగింది. బాపు ఊళ్లో గ్రామసభ ఉందంటే బస్సెక్కి వెళ్లి వెనక వరుసలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేది. రాజ్యాంగం పుస్తకం అట్టలు ఊడిపోయేదాకా తిప్పింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసైంది. ఆ ఎండాకాలం ఒక విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన ఆన్‌లైన్ కోర్సు చూసింది. భారత ప్రభుత్వం, రాజకీయాలు, డిగ్రీ స్థాయి. వయసు పట్టింపు లేదు, ఎవరైనా చేరవచ్చు. చివర్లో సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. "చేరుతనమ్మా" అంది.

దాన్ని ఆపేవాళ్లు, పంపేవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. అదే నా భయం. పదహారేళ్ల పిల్ల. తెలుగులో చదువుకున్నది ఇంగ్లిషులో పెద్ద పెద్ద వ్యాసాలు చదవగలదా? మధ్యలో బెదిరిపోతే ఇష్టమే చచ్చిపోతుందేమో. నేను తల్లిని, పైగా టీచర్‌ని కూడా నేనే. నా పిల్ల నాకు తెలివైనదిగానే కనిపిస్తుంది. ఆ కంటిని నేను నమ్మలేకపోయాను. అందుకని సార్ దగ్గరకు వెళ్లాను.

సార్ బోధన్‌లో నాకు ఇంటర్‌లో సివిక్స్ చెప్పినాయన. ఇంటర్ అయ్యాక నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలనుకున్నప్పుడు, సైకిల్ మీద రుద్రూర్ దాకా వచ్చి, "ఈ పిల్లను డిగ్రీకి పంపు పటేలా" అని మా బాపును ఒప్పించింది ఆయనే. నేను టీచర్‌ని అయ్యానంటే ఆయన వల్లే. రిటైరయ్యాక గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు బోధన్‌లోనూ, వారానికి రెండు రోజులు నిజామాబాద్‌లోనూ పాఠాలు చెప్పేవారు. ఆయన మాటంటే నాకు తిరుగులేదు.

సార్ సంతోషంగానే ఒప్పుకున్నారు. దానికి నాలుగు ప్రశ్నలు ఇచ్చారు. గవర్నర్ అధికారాలు, ఫెడరల్ వ్యవస్థ, స్థానిక సంస్థలు, ప్రాథమిక హక్కులు. "ఇంట్ల కూసోని రాయి. పుస్తకం సూసి రాసినా ఫర్వాలేదు. నాకు నీ ఆలోచన కావాలె" అన్నారు. నెల రోజులు రాసింది. పంపే ముందు నాలుగూ నేను చదివాను. స్థానిక సంస్థల జవాబులో బాపు ఊరి గ్రామసభ సంగతి రాసింది. సభ మొదలు కాకముందే రిజిస్టర్‌లో అందరి సంతకాలు, వేలిముద్రలు ఎలా పడిపోయాయో, ఒక ముసలామె తన భర్త వేలిముద్ర కూడా తనే ఎలా వేసిందో రాసి, ఆపైన చట్టం ఏమంటుందో రాసింది. చదివి, ఆ పేజీని మళ్లీ మొదటి నుంచి చదివాను. దానితో మాత్రం, "సార్ ఏమంటరో సూద్దాం" అన్నాను.

రెండు వారాల తర్వాత సార్ ఇద్దరినీ బోధన్‌లో తన ఇంటికి రమ్మన్నారు. కాగితాలు ఆయన ఒళ్లో ఉన్నాయి. దాని వైపు కాకుండా నా వైపు చూసి చెప్పారు.

"కష్టపడ్డది. కానీ ఇంక సిద్ధంగ లేదమ్మా. పునాది తక్కువ. రెండేండ్లు రెగ్యులర్ కాలేజీల చదువనియ్యి. ఎంపీసీ చదివినా మంచిదే, బుద్ధి ఒక గాడిల పడుతది. అటెన్క సూద్దాం."

"ఎక్కడ తక్కువున్నది సార్?" అని అమ్మాయి అడిగింది.

"అంతటా కొంచెం కొంచెం" అన్నారు.

జవాబులు తిరిగి ఇమ్మని కూడా నేను అడగలేదు. మా బస్సు ఎడపల్లి దాటింది. ఆ తర్వాత అదే అంది, "సరే, కాలేజీకే పోత."

మా ఆయన అప్పటికే ఒక కాలేజీలో మాట్లాడి పెట్టుకున్నాడు. మరునాడే ఫారం తెచ్చాడు. అంత తొందరగా ఎలా తెచ్చాడన్న అనుమానం కూడా నాకు రాలేదు.

కాలేజీలో చేరాక పిల్ల మారిపోయింది. పొద్దున ఏడింటికి బస్సు, సాయంత్రం ఆరింటికి ఇంటికి. పేపర్ చదవడం ఆపేసింది. గ్రామసభ ఉంది రమ్మని బాపు ఫోన్ చేస్తే, "టెస్టున్నది తాతా" అంది. రాజ్యాంగం పుస్తకం అటక మీదకు వెళ్లింది. నేను చూస్తూ ఉన్నాను. సార్ చెప్పారు కదా అని నాకు నేను చెప్పుకుంటూ ఉన్నాను.

దసరా సెలవుల తర్వాత దాని బస్ పాస్ కోసం ఆధార్ కాపీలు తీయించడానికి బస్టాండ్ దగ్గర ఒక జిరాక్స్ దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే ఆమె కాపీలు తీస్తుంటే, బల్ల మీద ఉన్న నోట్సుల దొంతర చూశాను. పై పుస్తకం తెరిచి ఉంది. చేతిరాత. అక్షరాల తలకట్టు జెండాలా కుడివైపుకు లేచి ఉంది. ప్రపంచంలో అలా రాసేది మా అమ్మాయి ఒక్కతే. చేతిలోకి తీసుకుని చూస్తే గ్రామసభ, రిజిస్టర్, భర్త వేలిముద్ర వేసిన ముసలామె. ఒక్క మాట కూడా మారలేదు. మొదటి పేజీ పైన సార్ చేతిరాతతో "మాదిరి సమాధానాలు" అని ఉంది.

"ఇవి ఎవలు ఇచ్చిన్రు?" అని అడిగాను.

"బోధన్ సార్ ఇచ్చిపోయిండు మేడం. గ్రూప్స్ రాసేటోళ్లు తీస్కపోతరు. మస్తు మంచిగున్నయంటరు. మీక్కూడ కావాల్నా?"

ఒకటి తీసుకున్నాను. ఆధార్ కాపీలు అక్కడే మరిచిపోయాను.

మరునాడు ఒంటరిగా బోధన్ వెళ్లాను. సార్ వరండాలో పేపర్ చదువుతున్నారు. "కూసోమ్మా" అన్నారు. నేను కూర్చోలేదు. పుస్తకం ఆయన ముందు పెట్టాను. పైన ఉన్న తన రాతను చూసి చేతిలో పేపర్ మడిచారు.

"పిల్ల సిద్ధంగ ఉన్నదా లేదా సార్? గదొక్కటి చెప్పుండ్రి."

"ఉన్నది" అన్నారు. "గప్పుడు గూడ ఉండె."

"మరి గట్లెందుకు చెప్పిన్రు?"

"మీ ఆయన వచ్చిండమ్మా, మిమ్మల్ని పిలిచే ముందు. పిల్ల భవిష్యత్తు ఆగమైతున్నది సార్, నా మాట ఆమె వినది, మీరంటెనే వింటది అన్నడు. తండ్రి. ఆయన బాధ గూడ నిజమే గద."

"మరి ఈ కాగితాలు?"

ఆయన కళ్లద్దాలు తీశారు. "మంచిగ రాసింది గద. పదిమందికి పనికొస్తయనిపించింది."

నన్ను డిగ్రీకి పంపించమని మా బాపును బతిమాలిన మనిషి నోటి నుంచి ఆ మాట విన్నాను. తిడదామనే వెళ్లాను. పుస్తకం తీసుకుని వచ్చేశాను. ఆయన గేటు దాకా వచ్చి ఏదో అంటూనే ఉన్నారు. వినలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన అన్నం తింటున్నాడు. అడిగితే దాచలేదు.

"అవ్ పోయిన. తప్పేంది? ఏ పెండ్లికి పోయినా నీ బిడ్డ ఏం కాలేజీ అని అడుగుతరు. ఇంట్లనే ఉన్నది అంటె నా మొహం సూస్తరు. నేను చెప్తె నువ్వు వింటవా?"

"నాతోని కొట్లాడితే అయిపోతుండె గద."

"నీతోని కొట్లాడి గెల్వలేను. సార్ తోని చెప్పిస్తె నువ్వు ఒక్క మాట మాట్లాడవ్. గది నాకు తెల్సు."

నన్ను అంత బాగా తెలిసినవాడు చేసిన పని అది. నేను ఎవరి మాటకు తలవంచుతానో పద్దెనిమిదేళ్లుగా చూసి, సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. ఆయనకు ఆ సిగ్గు ఉందని నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. "నీ ఇష్టం" అన్నప్పుడల్లా నేను వెనక్కి తిరిగి ఆయన మొహం చూడలేదేమో.

అమ్మాయికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే నేనూ వాళ్లలో ఒకదాన్ని అవుతాను. ఆదివారం పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పుస్తకం చేతికిచ్చి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. తన చేతిరాతను పేజీ పేజీ తిప్పి చూసింది.

"డాడీ సంగతి నాకు కొంచెం తెల్సు" అంది. "ఫారం గప్పుడే నింపి ఉండె. సార్ సంగతి తెల్వది." పుస్తకం మూసింది. "నువ్వు చదివినవ్ గదమ్మా. పంపే ముందు నాలుగూ చదివినవ్. నీకెట్లనిపించింది?"

"మస్తు మంచిగ అనిపించింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

తడి చీర చేతిలోనే ఉండిపోయింది. సార్ చేసింది, మా ఆయన చేసింది చెప్పడానికి నాకు మాటలున్నాయి. నేను చేసింది చెప్పడానికి అప్పుడు లేవు. నా కళ్లతో చదివి, నా బుద్ధితో తెలుసుకుని, దాన్ని ఇంకొకరి నోటికి వదిలేశాను. అది ఎదురుచూసింది సార్ మాట కోసం కాదు, నా మాట కోసం. పక్కనే కూర్చుని నేను ఇవ్వలేదు.

కాలేజీ వెంటనే మానలేదు. "సగంల ఇడ్సిపెట్టను" అని మొదటి సంవత్సరం పరీక్షలు రాసింది, పాసైంది. ఆ తర్వాత ఇంటర్‌కు ఓపెన్ స్కూల్లోనే, తనకు నచ్చిన సబ్జెక్టులతో పేరు రాయించుకుంది. ఆన్‌లైన్ కోర్సులో చేరానని చేరిన తర్వాత చెప్పింది. నన్ను అడగలేదు, తండ్రిని అడగలేదు. ఇంగ్లిషు వ్యాసాలకు మొదట్లో డిక్షనరీ పెట్టుకుని ఒక్కో పేజీకి గంట పట్టేది. రెండు నెలలకు డిక్షనరీ బల్ల మీద నుంచి పోయింది. పరీక్ష హైదరాబాద్‌లో పడింది. తోడుగా వెళ్లి మూడు గంటలు బయట మెట్ల మీద కూర్చున్నాను. ఎలా రాశావని అడిగితే, "రాసిన" అంది. పాసైంది. మంచి మార్కులే వచ్చాయట. ఫలితం వచ్చిన మూడు రోజులకు, మాటల్లో మాటగా బాపుతో ఫోన్లో చెబుతుంటే నేను వంటింట్లో నుంచి విన్నాను.

సార్ రెండుసార్లు మెసేజ్ పెట్టారు. నోట్సు దుకాణం నుంచి తెప్పించేశానని, ఒకసారి పిల్లను తీసుకుని రమ్మని. జవాబు ఇవ్వలేదు. అది వెళ్తానంటే ఆపను. ఇప్పటిదాకా అనలేదు. మా ఆయన ఈ మధ్య దుకాణానికి వచ్చేవాళ్లతో, మా బిడ్డ డిగ్రీ కోర్సు ఇంట్లనే పాసైంది అని చెప్పుకుంటున్నాడు. విన్నప్పుడల్లా నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను.

ఇంట్లో పిల్లలను చదివిస్తున్న తల్లులు అప్పుడప్పుడు నన్ను అడుగుతారు, పెద్ద కోర్సుకు పిల్ల సిద్ధంగా ఉందో లేదో ఎలా తెలుస్తుందని. రాసింది మీరే చదవండి, మీకు ఏమనిపించిందో ఆ రోజే పిల్లకు చెప్పండి అంటాను. ఎందుకలా అంటున్నానో చెప్పను.

ఇప్పుడు రెండో కోర్సు చదువుతోంది. రాసినవి నాకు చూపించదు. అడిగితే, "అయినంక సూద్దువు తియ్" అంటుంది. కోపంగా అనదు, మామూలుగానే అంటుంది. నేను సరే అని వచ్చేస్తాను.