వాగు దాటిన హిల్డా

ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో, పొలాల మధ్య పాత మట్టిబాటల మీద జీపు నడపడమంటే హిల్డా థ్వైట్‌కి ప్రాణం. ఇన్నేళ్ళూ గైడు వెంట సాగే వరసలో చివరి బండి ఆమెదే. ముందు బండి వెనక చక్రాలు తప్ప కొండను సరిగా చూసింది లేదు. ఈ చలికాలమంతా కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుండగా వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని, బండ్లు వెళ్ళనిచ్చే బాటలేవో వెతికి, తన దారి తానే గీసుకుంది. ఇది కుదరకపోతే మళ్ళీ ఆ వరస చివరికే పోవాలి. ఇవాళ ఆ దారినే బయల్దేరి, తెరిచిన ప్రతి పొలం గేటునూ మూసి, గొళ్ళెం పడిందో లేదో లాగి చూసుకుంటూ వచ్చింది.

తీరా చూస్తే, దారికి అడ్డంగా పారే వాగు వానకి పొంగి ఉంది. అవతలి గట్టున ఆ గైడు కాలమ్, అతని వెనక నాలుగు బండ్లు ఇటు దాటలేక ఆగి ఉన్నాయి.

"వెనక్కి తిప్పవే, ఈత బట్టలు తెచ్చుకోలేదు," అంది పక్కనున్న స్నేహితురాలు డోరీన్.

"అయితే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో," అని హిల్డా దిగి, కర్ర గుచ్చి లోతు చూసుకుంటూ వాగంతా నడిచి వచ్చింది. తర్వాత జీపును ఎక్కడా ఆపకుండా, మెల్లగా అవతలి గట్టెక్కించింది.

కాలమ్ టోపీ వెనక్కి నెట్టుకుని దగ్గరికొచ్చాడు. "మేం ఏ పక్కగా దిగమంటారు, హిల్డా గారూ?"

"నీ ఎడమ పక్కనే పో నాయనా. మధ్యలో గొయ్యి ఉంది."

నీళ్ళోడుతున్న బూట్లతో గట్టున నిలబడి, ఒక్కొక్క బండినీ ఆమే చేయి ఊపి పంపింది.