సీసా మీద పేరు

ఏ ప్రాణి కనిపించినా చిన్నమ్మాయి ముందు కూర్చుంటుంది. చేతిలో చీపురు ఉంటే పక్కన పెడుతుంది. కుడి అరచేతిని ఆ ప్రాణికి జానెడు దూరంలో నేల మీద బోర్లా ఆనిస్తుంది. ముట్టుకోదు, తరమదు. కాసేపు అలాగే ఉండిపోతుంది.

తేలైనా అంతే, గొల్లభామైనా అంతే. తొలకరికి మిల్లు గోడ వెంట పాకే ఆరుద్ర పురుగైనా అంతే. చెయ్యి పక్కన ఉంటే దాని పొడుగెంతో తెలుస్తుందని చెబుతుంది. స్కేలు అన్ని చోట్లా ఉండదు, చెయ్యి ఉంటుంది.

మిల్లులో ఆమెతో పాటు ఊడ్చే మరిడమ్మకు ఇదొక వేడుక.

"ఏంటొదినా, దానికి చెయ్యి చూపించుకుంటున్నావా?"

"చూపించుకునేవాళ్ళు బోర్లా పెడతారేంటే?"

చిన్నమ్మాయికి యాభై ఆరేళ్ళు. ఇంట్లో ఆఖరి పిల్ల కాబట్టి అలా పిలిచారు. బడిలో అదే రాశారు, ఆధార్ కార్డులోనూ అదే ఎక్కింది. తన పేరు గురించి ఎవరూ ఎక్కువగా ఆలోచించలేదు. అందుకేనేమో, మిగతా వాటి పేర్ల గురించి ఆమె చాలా ఆలోచిస్తుంది.

రాజమండ్రిలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో ఆమె పదకొండేళ్ళు అటెండరుగా పనిచేసింది. గోడల పొడవునా అద్దాల బీరువాలు, వాటి నిండా సీసాలు. సముద్రపు గుర్రం, రెండు తలల పాముపిల్ల, రెక్కలు విప్పిన గబ్బిలం. వాటిని తుడవడం ఆమె పని. ఆరో తరగతి చదువుతో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, మూడేళ్ళకు ఏ సీసా ఎక్కడుందో చీకట్లోనైనా చెప్పగలిగేది.

ఒక వానాకాలం కప్పు కారి నాలుగు చీటీలు ఊడిపోయాయి. తన క్యారేజీలోని అన్నం మెతుకులతో వాటిని మళ్ళీ అంటించింది. లెక్చరర్ ఉదయభాస్కర్ గారు వచ్చి చూస్తే, జలగ చీటీ వానపాము సీసాకు ఉంది. ఆయన కోప్పడలేదు. చీటీలు మార్చి, మెల్లగా ఒక మాట అన్నారు.

"పేరు లేని సీసా అయితే ఇదేంటని ఎవరో ఒకరు అడుగుతారు చిన్నమ్మాయి గారూ. తప్పు పేరున్న సీసాని ఇంకెవరూ అడగరు."

ఆమెను గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆయన. ఆ మాట ఆమెకు అలాగే నిలిచిపోయింది. ఆయన రిటైరయ్యాక ల్యాబు పని వేరేవాళ్ళకిచ్చారు. ఆమె పుట్టిన ఊరికి, రామచంద్రపురం పక్కకి వచ్చేసి, రైసు మిల్లులో చేరింది. బీరువాలు లేవు కానీ చూసేవాటికి కొదవ లేదు. ధాన్యంలో పురుగులు, పురుగుల కోసం బల్లులు, గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు. ఎవరు ఏది చూపించినా పేరు చెప్పేది. తెలియకపోతే తెలియదని చెప్పేది.

రెండేళ్ళ కిందట బస్తాల మధ్య ఒక తెల్లటి పక్షి పడి ఉంది. ఒక రెక్క దెబ్బతింది. అందరూ చుట్టూ చేరారు. ఇదేం పక్షని మిల్లు యజమాని జానకిరామ్ గారు అడిగారు. అంతమందిలో సమాధానం తెలిసింది తనకే. "గుడ్లగూబండి" అంది వెంటనే, కొంచెం గర్వంగానే. ఆమె లేచి నిలబడేలోపు ఎవరో కర్ర తెచ్చారు. సాయంత్రం యజమాని ఇంట్లో శాంతి చేయించారు. ఆ చోటు ఆమె చేతే కడిగించారు.

అప్పటి నుంచి పేరు అడిగితే ఆమె కాస్త ఆగి చెప్పడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది మాఘంలో పాత బాయిలరు షెడ్డు కూల్చడానికి అటక తలుపు తెరిచారు. లోపల మూడు పిల్లలు. ఒంటి నిండా తెల్లటి దూది, గుండ్రటి ముఖం, లోపలికి వంగిన ముక్కు. మనుషుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. గుడిలో వాహనం మీది గరుత్మంతుడి ముక్కు అచ్చం ఇలాగే ఉంటుందని ఒక కూలీ అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. కూల్చడం ఆపేశారు. ఫోన్లలో వీడియో పాలకొల్లు దాకా వెళ్ళింది. ఆటోల్లో జనం దిగారు. అటకకు నిచ్చెన వేశారు, లోపలికి ఫోకస్ లైటు పెట్టి రాత్రంతా వెలిగించారు. కర్పూరం, అరటిపళ్ళు, గిన్నెల్లో పాలు.

ఆ రెండు రోజులూ చిన్నమ్మాయి జ్వరంతో ఇంట్లో ఉంది. మూడో రోజు మధ్యాహ్నం మిల్లుకు వచ్చి, వరుసలో నిలబడి, చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కింది. అటక మీద కూర్చుంది. చెయ్యి బోర్లా పెట్టింది.

రెండు పిల్లలు బుసకొట్టాయి. మూడోది పక్కకు ఒరిగి ఉంది. ముక్కు చుట్టూ పాలు ఎండి చారలు కట్టాయి. మూలన నల్లటి ఉండలు పడి ఉన్నాయి. గుడ్లగూబ ఎలుకను మింగి, అరగని వెంట్రుకల్నీ ఎముకల్నీ అలా ఉండ చేసి కక్కుతుంది. ల్యాబులో అలాంటిది ఒకటి ఉండేది. ఇక్కడివన్నీ ఎండిపోయి ఉన్నాయి. కొత్తది ఒక్కటీ లేదు.

అంటే తల్లి రెండు రాత్రులుగా రాలేదు. ఆ వెలుగులో, ఆ జనంలో రాదు. ఇంకో రాత్రి ఇలాగే గడిస్తే మూడోది బతకదు. ఆ తర్వాత మిగతా రెండూ.

దిగి వచ్చాక తల ఎత్తి చూసింది. షెడ్డు మీద, బాగా పైన, ఇటుక రంగు రెక్కలూ తెల్లటి తలా ఉన్న పక్షి ఒకటి చుట్లు తిరుగుతోంది. చేపల చెరువుల మీద రోజూ తిరిగేదే. అసలు గరుడపక్షి అది. అటువైపు ఎవరూ చూడటం లేదు.

జానకిరామ్ గారు కుర్చీ వేసుకుని నిచ్చెన దగ్గరే కూర్చున్నారు. రెండు రోజులుగా ఆయనకు నిద్ర లేదు.

"చిన్నమ్మాయీ, నువ్వు కాలేజీలో ఇలాంటివి చూసినదానివి. బజార్లో ఎవడో ఇవి గుడ్లగూబలంటున్నాడు. నిజం చెప్పు. గరుడపక్షులేనా?"

వరుసలోని వాళ్ళు ఇటు తిరిగారు. పందిరికని తెచ్చిన కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. ఆయన చెడ్డవాడు కాడు, ఆ కూలీలూ చెడ్డవాళ్ళు కారు. ఆ రోజు కర్ర తెచ్చినవాడు కూడా భయపడే తెచ్చాడు. ఒక్క పేరు వాళ్ళ చేత దండం పెట్టిస్తుంది, ఇంకో పేరు కర్ర పట్టిస్తుంది. పిల్లలు మాత్రం అవే మూడు.

"గరుడపక్షులేనండి" అంది.

తెలిసి తెలిసి తప్పు పేరు చెప్పడం అదే మొదటిసారి. కానీ ఆ మాటతో తనకు అధికారం వచ్చిందని గ్రహించి, ఆగకుండా మిగతాది చెప్పింది. పాలు పట్టకూడదు. పొగ పడదు. లైటు తీసేసి, నిచ్చెన తీసేసి, రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా షెడ్డు ముట్టుకోకూడదు. తల్లి చీకటి పడ్డాకే వస్తుంది, మనుషులుంటే దిగదు.

జానకిరామ్ గారి కనుబొమలు ముడిపడ్డాయి. "గరుడపక్షి చీకట్లో వస్తుందా?"

రెండేళ్ళ కిందటి పక్షిని మరిడమ్మ కూడా చూసింది, ఈ పిల్లల్ని కూడా చూసింది. ఆమె చీపురు చంకన పెట్టుకుని ముందుకొచ్చింది.

"పిల్లల తల్లికి పగలేంటండి, రాత్రేంటండి? మా వదిన చెయ్యి పెట్టి మరీ చూసింది. ఆవిడ చెప్పిందంటే అంతేనండి."

పొద్దు వాలేలోపు లైటు తీసేశారు. నిచ్చెన పక్కన పడుకోబెట్టారు. జనం గేటు బయటి నుంచే దండం పెట్టుకుని వెళ్ళారు. ఇంటికి వెళ్ళేటప్పుడు, ఇవి ఆ రోజు పక్షి లాంటివేనా అని మరిడమ్మ అడిగింది. చిన్నమ్మాయి క్యారేజీ చెయ్యి మార్చుకుని నడిచింది. మరిడమ్మ మళ్ళీ అడగలేదు.

మర్నాడు ఉదయం చిన్నమ్మాయి అందరికన్నా ముందు మిల్లుకు వచ్చింది. షెడ్డు కింద నిలబడి విన్నది. పైన బుస వినిపించింది. రెండో మూడో తెలియలేదు. అటక చెక్కల సందుల్లోంచి కింద పడిన ఉండలు మూడు, ఇంకా తడిగా, నల్లగా మెరుస్తున్నాయి. ఒకదానిలోంచి ఎలుక దవడ బయటికి కనిపిస్తోంది. గరుత్మంతుడు ఎలుకల్ని తింటాడా అని ఎవరైనా అడగవచ్చు. రెండింటిని ఊక కుప్పలోకి ఊడ్చేసింది.

మూడో ఉండ ముందు కూర్చుంది. పక్కన చెయ్యి బోర్లా పెట్టింది. చూపుడువేలు కణుపులు రెండింటి పొడుగుంది. సంచిలోంచి ఖాళీ టానిక్ సీసా తీసి, దాన్ని జాగ్రత్తగా అందులో వేసింది. కాగితం ముక్క మీద పేరు రాసింది. గుడ్లగూబ. కింద తేదీ వేసింది. క్యారేజీ మూత తీసి, రెండు మెతుకులు నలిపి, చీటీని సీసాకు అంటించింది.