మైనపు చెవి

ఆ పనిశాలలో అందరూ అతన్ని జల్లెడ బాబాయ్ అనేవారు. మైనం ముక్కల్ని చలిగదిలో రాయిలా బిగిసేలా చేసి, కరక్కుండా అక్కడే మరాడించి, పిండికన్నా మెత్తగా జల్లించడం అతని పని. ఆ పొడిని యంత్రంలో పల్చగా పరిస్తే, లేజర్ సోకినచోటల్లా అతుక్కుని, పొర మీద పొరగా వస్తువు రూపం కట్టేది. ఒక్క ఉండ ఉన్నా పొర మీద చార పడేది. పంతొమ్మిదేళ్లలో అతని పొడికి ఎవరూ వంక పెట్టలేదు.

అతని భార్యకు ఎడమచెవి దగ్గర పుండు లేచింది. ఆమె చెప్పినప్పుడు పని హడావుడిలో పెడచెవిన పెట్టాడు. అది క్యాన్సరని తేలేసరికి ముదిరిపోయింది; వైద్యులు చెవి మొత్తం తీసేశారు. ఆమె తలకు గుడ్డ కట్టుకుని గడప దాటడం మానేసింది.

కుడిచెవి కొలతలతో ఎడమచెవి నమూనా మైనంతో చేయిద్దామని, అది సరిపోతే దాని అచ్చుతో రబ్బరులాంటి మెత్తటి చెవి పోత పోయిద్దామని ఆసుపత్రివాళ్లు అన్నారు. ఆ పని అతని పనిశాలకే వచ్చింది.

“ఇన్నేళ్లూ నా మాట చెవికెక్కించుకోలేదు, ఇప్పుడు నాకే చెవి చేస్తావా?” అని ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. ఆ పొడిని మూడుసార్లు జల్లించాడు.

నమూనా పెట్టి చూసిన రోజు ఆమె అద్దం వదల్లేదు.

“ఈ మడత కూడా వచ్చిందే! అచ్చం నాదే.”

“అసలుది పదిరోజుల్లో ఇస్తారట.”

“రాగానే అక్కావాళ్లింటికి వెళ్దాం. ఈ గుడ్డ లేకుండా.”

వెళ్లలేదు. జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. తొమ్మిదోరోజు పొద్దున్నే ఆమె కన్నుమూసింది.

మైనపు చెవి చిన్న పెట్టెలో పనిశాలకు తిరిగొచ్చింది. పనైపోయిన నమూనాలను కరిగించడం అక్కడి పద్ధతి.

“దీన్ని నేను కరిగించలేను బాబాయ్, ఇంటికి తీసుకెళ్లు” అంది యంత్రం నడిపే అమ్మాయి.

“ఇంట్లో వేడికి వంగిపోతుందమ్మా. ఇక్కడే ఉండనీ.”

చలిగదిలో పైఅరలో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున ఒకసారి మూత తీసి చూసేవాడు. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం చలియంత్రం ఆగిపోయింది. అందరూ పొడి డబ్బాలు మోస్తుంటే అతను పైఅర దగ్గరికి పరుగెత్తాడు. చెవి అంచులు జారి, మడత చెదిరిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, అంతమంది ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు.

సాయంత్రం తనే దాన్ని కరిగించే గిన్నెలో వేశాడు.