మా సందు ఎవరి లెక్కలో ఉంది?

ఇంతవరకూ నన్నెవరూ పట్టించుకోలేదు. ఈ మాటతో మొదలుపెడితే బాగుండదని మా ఆవిడ అంది. జరిగింది అదే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడుతున్నాను. నేనిచ్చిన మొదటి అర్జీ మీద గుమాస్తా టీ గ్లాసు పెట్టాడు. గ్లాసు అడుగు నా సంతకం మీద గుండ్రంగా అచ్చుపడింది. ఇంకోసారి వెళ్ళినప్పుడు నేను కూర్చోబోతున్న కుర్చీని ఒకాయన ఫ్యాను కిందికి లాక్కుని తనే కూర్చున్నాడు. ఆ తర్వాత నేను గుమ్మంలో కనపడగానే లోపల ఎవరో "గోడ మాస్టారొచ్చారు" అనడం మొదలుపెట్టారు. నేను మాస్టారిని కాను. బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాను. ఇవన్నీ చిన్న విషయాలు, వదిలెయ్యండి అంటారు. నేను వదలను.

మా ఇల్లు విజయవాడకీ కంకిపాడుకీ మధ్య, వరి పొలాలు ప్లాట్లయిన చోట ఉంది. కట్టుకునేటప్పుడు ప్లాన్‌లో చూపించినట్టే నాలుగు పక్కలా ఖాళీ వదిలాను. మేస్త్రీ నవ్వాడు. ఇంత సందు దేనికండీ, ఇటు జరిపితే ఇంకో గది వస్తుంది, ఈ చుట్టుపక్కల ఎవరు వదిలారని మీరు వదులుతారు అన్నాడు. చట్టం వదలమంది, వదులుతాను అన్నాను. తూర్పు పక్క సందు దాటాక ప్రహరీ గోడ, దాని అవతల ఖాళీ ప్లాటు. సందులోకి కిటికీ ఉన్న గదిలో మా ఆవిడ కుట్టు మిషన్లు పెట్టుకుంది. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా ఆ గదిలో లైటు అక్కర్లేదు. వీధిలో ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చి పని నేర్చుకుని, తర్వాత అక్కడే కూర్చుని కుట్టేవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్ల గుట్టల మధ్య నడవడానికి దారి ఉండేది కాదు. రిటైరయ్యాక మా ఇంట్లో సంపాదన ఉన్న గది అదే. అందుకే ఆ గది గోడ గురించి నేను ఇంత మాట్లాడతాను.

ఆ ఖాళీ ప్లాటుని విజయవాడలో హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన కొన్నాడు. కోచింగ్ కాలేజీ పిల్లలకి హాస్టల్ కడుతున్నాడని తెలిసింది. ఆయన్ని నేను చూసింది ఒక్కసారే, శంకుస్థాపన రోజున కారు దిగుతుంటే. నమస్కారం పెట్టాను. ఆయన ఫోనులో ఉన్నాడు, చూడలేదు. సరే.

హాస్టల్ కింద సెల్లార్ తవ్వడం మొదలుపెట్టారు. మా నేల సంగతి ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలువలకి నీళ్ళు వదిలాక చేతి లోతు తవ్వితే చాలు, ఊట వస్తుంది. వాళ్ళు తవ్వింది సరిగ్గా అప్పుడే. గొయ్యి నిండుతుంటే రాత్రీ పగలూ మోటార్లు పెట్టి తోడారు. తోడిన నీళ్ళతోపాటు మా పక్క మట్టి కూడా మెత్తగా జారిపోతూ వచ్చింది. ముందు ప్రహరీ గోడ గోతిలోకి ఒరిగింది. పిల్లర్లు లేచాక కట్టిద్దాం లెండి అని ఇటుకలు ఏరి తీసుకుపోయారు. తర్వాత కుట్టు గది గోడలో, కిటికీ మూలనుంచి కిందికి సన్నగా ఒక గీత కనిపించింది.

మా ఆవిడ దాన్ని తన పద్ధతిలో కొలిచేది. మొదట అందులో సూది దూరింది. కొన్నాళ్ళకి గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క దూరింది. ఒకరోజు నన్ను పిలిచి, కత్తెర మొన పెట్టి చూపించింది. అది లోపలికి పోయి నిలబడింది. ఆ రోజే మొదటి అర్జీ రాశాను.

ఎక్కడ ఇవ్వాలో తెలుసుకోవడానికే చాలా తిరిగాను. మా పంచాయతీ, చుట్టుపక్కల పంచాయతీలు కొన్ని, పక్కనున్న చిన్న మునిసిపాలిటీ కలిసి ఇళ్ళ ప్లాన్లు పాసు చెయ్యడానికీ, కట్టడాలు చూడడానికీ ఉమ్మడిగా ఒకే సెక్షన్ పెట్టుకున్నాయి. ఎవరికి వారు ఇంజనీరునీ జీపునీ పోషించలేక చేసుకున్న ఏర్పాటు. మంచి ఏర్పాటే. కానీ పంచాయతీకి వెళితే మునిసిపాలిటీకి వెళ్ళమన్నారు. మునిసిపాలిటీలో, మీ పంచాయతీ వాటా ఇంకా జమ కాలేదండీ, అటువైపు జీపు తిప్పడానికి డీజిలు ఎవరిస్తారు అన్నారు. నేను కట్టే ఇంటి పన్ను ఏమైందని అడిగాను. అది వేరే పద్దు అన్నారు.

ఆ సెక్షన్ ఆఫీసు వరండాలో కూర్చుని కూర్చుని నేను ఒకటి గమనించాను. ప్లాన్ పట్టుకుని వచ్చినవాడికి కుర్చీ వేస్తారు. ఆ సెక్షన్ జీతాలు నడిచేది వాళ్ళు కట్టే ఫీజుల మీదే. ప్లాన్ తెచ్చినవాడు ఫీజు తెస్తాడు. ఫిర్యాదు తెచ్చినవాడు పని తెస్తాడు. ఇదెవరూ నాకు చెప్పలేదు. కుర్చీలు చూసి తెలుసుకున్నాను.

ఈలోగా హాస్టల్ గోడ లేచింది. ప్రహరీ ఉన్న గీతని ఆనుకునే, జానెడు కూడా ఖాళీ వదలకుండా లేచింది. చట్టం ప్రకారం ఎవరి స్థలంలో వాళ్ళు ఖాళీ వదలాలి, దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. నేను నా వైపు వదిలాను, ఆయన తన వైపు వదలాలి. ఇప్పుడు మా గోడకీ ఆయన గోడకీ మధ్య మిగిలింది నా సందు ఒక్కటే. కుట్టు గదిలో పొద్దున్నే లైటు వెయ్యాల్సి వచ్చింది. ఇదీ రెండో అర్జీలో రాశాను.

ఒకరోజు హాస్టల్ సూపర్‌వైజరు చేతిలో టేపుతో మా సందులోకి వచ్చాడు. కుర్రవాడు కాదు, నలభై దాటినవాడు, మర్యాదస్తుడు. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేవాడు.

"బాబాయ్ గారూ, మీ ఫిర్యాదు మీద ఆఫీసువాళ్ళు కొలతలు పంపమన్నారండీ. ఈ చివర కాస్త పట్టుకోండి."

ఆఫీసువాళ్ళు రాలేదేమని అడిగాను. ఇప్పుడు ఎక్కడికీ రావట్లేదండీ, ఖర్చు తగ్గించారు, ఫోటోలు తీసి ఫోనులో పంపితే చాలంటున్నారు అన్నాడు. నాకు నిజంగా సంతోషం వేసింది. ఇన్నాళ్ళకి ఎవరో కొలుస్తున్నారు. మా గోడనుంచి వాళ్ళ గోడకి కొలిస్తే నా సందు వెడల్పే వస్తుంది, అంగుళం ఎక్కువ రాదు, దాంతో వాళ్ళు ఏమీ వదల్లేదని తేలిపోతుంది అనుకున్నాను. టేపు చివర మా గోడకి ఆనించి గట్టిగా పట్టుకున్నాను. అతను అవతలి చివర వాళ్ళ గోడకి పెట్టాడు. ఇంకెవరో ఫోటో తీశారు. టేపు వదులుగా ఉంటే నేనే సరిచేసి, మళ్ళీ తియ్యమన్నాను కూడా. మా ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చింది.

తర్వాత ఏ కబురూ లేదు. కొన్ని నెలలకి ఆ ఉమ్మడి సెక్షన్ పనితీరు మీద సమీక్షా సమావేశం, ప్రజలు కూడా రావచ్చు అని పంచాయతీ బోర్డు మీద చూశాను. మునిసిపాలిటీ దగ్గర కల్యాణ మండపంలో పెట్టారు. మా ఆవిడని తీసుకుని వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాం.

పెద్ద తెర మీద ఒక్కొక్కటీ చూపిస్తూ సెక్షన్ అధికారి మాట్లాడారు. ఫీజుల రాబడి పెరిగిందన్నారు. సెక్షన్ తన ఖర్చు తనే భరించుకుంటోందన్నారు. జీపు ఖర్చు దాదాపు లేకుండా చేశామన్నప్పుడు సర్పంచులు చప్పట్లు కొట్టారు. వాళ్ళు రాకపోవడానికి చప్పట్లు కొడుతున్నారని నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. తర్వాత ఫిర్యాదుల సంగతికి వచ్చారు. పెండింగ్ ఏదీ లేదన్నారు. ఫిర్యాదుదారుణ్ణే తనిఖీలో భాగస్వామిని చేసి, ఇరుపక్కలవాళ్ళూ కలిసి కొలుచుకుని సామరస్యంగా ముగించిన కేసు ఒకటి చూపిస్తామన్నారు.

తెర మీద నేనున్నాను.

మా సందు, మా కిటికీ. నేను కాస్త వంగి టేపు చివర గోడకి నొక్కి పట్టుకుని, కెమెరా వైపు చూస్తున్నాను. మొహం నిండా నవ్వు. కింద పెద్ద అక్షరాల్లో, నిబంధన ప్రకారం సెట్‌బ్యాక్ ఉంది, ఫిర్యాదుదారుడు సంతృప్తి చెందారు అని రాసి ఉంది. నా సందుని హాస్టల్ వదిలిన ఖాళీగా రాసుకున్నారు. నేను వదిలింది చట్టం ప్రకారమే కదా, అందుకే వాళ్ళ కొలత చక్కగా సరిపోయింది.

పక్క వరసలో ఎవరో పెద్దాయన నా వైపు వంగి, "ఫోటోలో మీరేనాండీ? బాగా పడ్డారు" అన్నాడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఊరడించడానికి కాదు. లేచి నిలబడమని పైకి తోసింది.

లేచాను. మైకు ఇవ్వలేదు, అయినా వినపడేట్టు చెప్పాను. ఆ సందు నాదనీ, వాళ్ళు ఏమీ వదల్లేదనీ, నేను సంతృప్తి చెందలేదనీ, మా గోడ పగిలి కత్తెర దూరుతోందనీ చెప్పాను. అధికారి చాలా మర్యాదగా విన్నారు.

"కొలిచింది మీరే కదండీ?"

"కొలిచింది మా సందండీ."

"సందు ఎవరిదైతే ఏమండీ, రెండు బిల్డింగుల మధ్య ఖాళీ ఉందా లేదా? మాకు కావలసింది అదే."

హాలు నవ్వింది. అందరూ కాదు, కానీ నవ్వింది. కేసు మూసేశాం కాబట్టి మళ్ళీ తెరవాలంటే ఫీజు కట్టి కొత్తగా పెట్టుకోమన్నారు. ఆ తర్వాత భోజనాలకి పిలిచారు. మేం తినకుండా వచ్చేశాం. బస్సులో మా ఆవిడ ఒక్కటే అంది, వాళ్ళకి మజ్జిగ ఇచ్చాను చూడండి అని.

ఇంటికి రాగానే మిషన్లు ముందు వరండాలోకి మార్చాం. వరండాలో ఎండ, దుమ్ము. మా ఆవిడ తెల్ల గుడ్డ పని ఒప్పుకోవడం మానేసింది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఇద్దరు రావడం మానేశారు. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకుండా తలుపు వేసి గొళ్ళెం పెట్టాను. మా ఇంట్లో ఒక గదికి మేమే భయపడుతున్నాం.

కనీసం నా ప్రహరీ నేను కట్టుకుంటే ఏ ఖాళీ ఎవరిదో కంటికైనా కనపడుతుంది అనుకున్నాను. ఇటుకలు తెప్పించి మేస్త్రీని పిలిచాను. పునాది పాత గీత మీద, అంటే హాస్టల్ గోడని ఆనుకుని తీశాం. రెండు వరసలు లేచాయో లేదో, సూపర్‌వైజరు వచ్చాడు. ఈసారి కూడా బాబాయ్ గారూ అనే అన్నాడు.

"గోడ కట్టకండి బాబాయ్ గారూ. ఆఫీసు లెక్కలో అది మా ఖాళీ స్థలం కదా."

నేను నవ్వాను. ఎవరైనా నవ్వుతారు. అతను నవ్వలేదు. పక్కకి వెళ్ళి ఫోను చేశాడు. మధ్యాహ్నం భోజనం వేళకి మా వీధి మలుపులో జీపు కనిపించింది.

ఆ జీపు. నా అర్జీలకి రాని జీపు, డీజిలు లేని జీపు, ఖర్చు తగ్గించారని సర్పంచులు చప్పట్లు కొట్టిన జీపు. అది మా గుమ్మం ముందు ఆగింది. చేతిలో తాపీతో మేస్త్రీ అలాగే ఉండిపోయాడు. ఇంజనీరు దిగి, నమస్కారమండీ, పాసైన ప్లాన్‌లో చూపించిన సెట్‌బ్యాక్‌కి అడ్డంగా గోడ కడుతున్నారని మాకు ఫిర్యాదు వచ్చింది, పని ఆపండి అన్నాడు. ఎవరి ప్లాన్ అని అడిగాను. హాస్టల్‌ది అన్నాడు. నా ప్లాన్ కూడా మీరే పాసు చేశారు, అందులో కూడా ఈ సందే ఉంది, ఇప్పుడు ఒక్క సందు ఇద్దరికీ ఎలా వచ్చిందని అడిగాను. ఆ పాత ప్లాన్లు పంచాయతీలో ఉంటాయండీ, మేం ఉమ్మడి సెక్షన్ అన్నాడు.

గొళ్ళెం తీసి గదిలోకి పిలిచాను. ఒక్కసారి పగులు చూడండి, లోపలికి రాకపోయినా పర్లేదు, గుమ్మంలోంచి చూడండి అన్నాను. మా ఆవిడ కత్తెర తెచ్చి పట్టుకుని నిలబడింది. అతను గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"ఇంటి లోపలిది మా పరిధి కాదండీ" అన్నాడు. జీపెక్కాడు.

తోటకూర కట్టలు బేరం చేస్తున్న ఎదురింటావిడ కూడా బేరం ఆపి చూస్తూ ఉండిపోయింది. నా జీవితంలో డ్రైవర్ల మాటలు పడ్డాను, ప్రయాణికుల మాటలు పడ్డాను. కానీ నేను వదిలిన ఖాళీయే నా మీదికి నేరంగా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మేస్త్రీ చెప్పినట్టు అప్పుడే ఆ సందు కూడా కలిపి గది కట్టేసి ఉంటే, ఇవాళ నన్ను అడిగేవాడు లేడు. ఈ ఆలోచన నాకు రావడమే నాకు భయంగా ఉంది.

ఆ రెండు వరసల ఇటుకలు అలాగే ఉన్నాయి. వాటి మీద నాచు పట్టింది. హాస్టల్‌లో పిల్లలు దిగారు. పొద్దున్నే వాళ్ళ బకెట్ల చప్పుడు వినపడుతుంది. ఆ పగులు అవతల ఉన్నది వాళ్ళ గోడ. మా గోడ పడితే అది ఎటు పడుతుందో నాకు తెలియదు, ఆ ఇంజనీరుకీ తెలియదు. ఎందుకంటే అతను చూడలేదు.

ఫీజు కట్టాను. కొత్త ఫిర్యాదు పెట్టాను. ఈసారి ఫోటోలు పంపమంటే పంపను. టేపు కూడా పట్టుకోను. ఆఫీసువాళ్ళూ, మీరే రండి. ఒక చివర మీరు పట్టుకోండి, రెండో చివర మీ పై అధికారి పట్టుకుంటారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని చూస్తాను, మీకూ కుర్చీలు వేస్తాను. కొలిచాక నాకు రెండు మాటలు చెప్పి వెళ్ళండి. ఆ సందు ఎవరిది? ఆ గోడ పడితే జవాబు ఎవరిది? సెక్షన్ అని చెప్పకండి, పంచాయతీ అని చెప్పకండి, వేరే పద్దు అని చెప్పకండి. ఒక మనిషి వచ్చి, నా మొహం చూసి, జవాబు నాది అని చెప్పాలి. ఎవరు చెబుతారు?