ఏదీ, చేసి చూపించండి

గుండె జబ్బుతో విజయవాడ ఆసుపత్రిలో ఉండి ఉయ్యూరు ఇంటికొచ్చిన నాన్న, నాలుగో రోజుకే ఒళ్లు వాచి మళ్లీ అక్కడికే చేరారు. రోజుకు లీటరు నీళ్లే ఇమ్మంటే అమ్మ కొలిచే ఇచ్చింది. మజ్జిగ, చారు కూడా కొలవాలని ఎవరు చెప్పారు? "చెబితే వినరేంటమ్మా!" అని డాక్టరు అమ్మనే కసిరాడు.

ఈసారి డిశ్చార్జి నాడు వార్డు సిస్టరు గారు అమ్మకు లీటరు సీసా ఇచ్చారు. "పొద్దున్నే ఇది నింపుకోండమ్మా. ఆయన గ్లాసుడు మజ్జిగ తాగితే ఇందులోంచి గ్లాసుడు నీళ్లు పారబొయ్యండి. ఏదీ, చేసి చూపించండి." అందరిచేతా ఆవిడ ఇలాగే చేయించేవారట.

"బెడ్ ఖాళీ చేయించండి సిస్టర్!" అని మేనేజరు అరిచాడు. ఆవిడ తల తిప్పలేదు. "ఏదీ, ఇంకోసారి" అన్నారు అమ్మతో.

డిశ్చార్జిలు ఆలస్యం చేస్తున్నారని తర్వాత ఆవిడను వార్డులోంచి తీసేశారు. నాన్న మళ్లీ ఆ మంచం ఎక్కలేదన్న సంగతి మాత్రం అక్కడెవరికీ పట్టలేదు.